బొక్కలవాగుకు దారి



2022 జులై రెండో వారంలో మంథని పట్టణంలోకి నీళ్ళు వచ్చాయి. అదే వారం ఎగువన కడెం ప్రాజెక్టుకు సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. దాని గేట్లు వదలగలిగింది 3 లక్షలే. కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఖాళీ చేయించారు. దిగువన భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టు తర్వాత అక్కడ అంత ఎత్తున నీళ్ళు ఎవరూ చూడలేదు. కడెంకూ భద్రాచలానికీ మధ్యలో, గోదావరి ఒడ్డున ఉన్న మా ఊరు మంథని. ఆ రోజుల్లో నీళ్ళు ఊళ్ళోకి వచ్చిన దారి బొక్కలవాగు.

మంథని ఎరిగినవాళ్ళకు బొక్కలవాగు గురించి చెప్పనక్కరలేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఊరి అంచున పారే చిన్న వాగు అది. ఎండాకాలం దాటడానికి కాళ్ళు కూడా తడవవు. చుట్టుపక్కల చెరువులు నిండి మత్తళ్ళు దుంకితే ఆ నీళ్ళు ఇందులోకి చేరి, ఇది గోదావరిలో కలుస్తుంది. మామూలు వానకు ఇబ్బంది లేదు. గోదావరి నిండుగా పారుతున్నప్పుడే చిక్కు. వాగు తెచ్చిన నీళ్ళు పెద్ద నదిలో పడాలంటే అక్కడి మట్టం వాగు కంటే కిందుండాలి. అది పైనుంటే వాగు నీళ్ళు నిలిచిపోతాయి. ఇంకా పెరిగితే నదే వాగులోకి ఎగదన్నుతుంది. పై నుంచి వాన, కింది నుంచి నది, మధ్యలో ఊరు. 2022లో మంథనికి ఎదురైన పరిస్థితి ఇదే.

మా ఊరికి దిగువన, మానేరు వచ్చి గోదావరిలో కలిసిన తర్వాత, అన్నారం బ్యారేజీ ఉంది. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో భాగంగా 2019లో వాడుకలోకి వచ్చింది. దానికి 66 గేట్లు, నిల్వ సామర్థ్యం 10.87 టీఎంసీలు. ఎగువన సుందిళ్ళ బ్యారేజీ ఉంది, దాని సామర్థ్యం 8.83 టీఎంసీలు. అన్నారం బ్యాక్‌వాటర్‌తో పంటలు మునుగుతున్నాయని మంథని వైపు రైతులు, అవతలి ఒడ్డున చెన్నూరు రైతులు ఏళ్ళ తరబడి మొర పెట్టుకున్నారు. ఆ మొర న్యాయమైనది. దానికి పరిహారం అందాలి. అయితే ఒక లెక్క కూడా మనసులో పెట్టుకోవాలి. ఒక లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే 8.64 టీఎంసీలవుతుంది. గోదావరిలో 10 లక్షల క్యూసెక్కులు వస్తున్నాయనుకుందాం. అంటే రోజుకు 86 టీఎంసీలు. ఆ లెక్కన అన్నారం బ్యారేజీ అడుగు నుంచి అంచు దాకా నిండడానికి మూడు గంటలు చాలు. అంత వరదను ఈ బ్యారేజీలు ఆపలేవు, ఆపడానికి కట్టినవీ కావు. ఆ జులైలో అన్నారం పంప్‌హౌస్ కూడా మునిగింది, కన్నెపల్లి పంప్‌హౌస్ కూడా మునిగింది. నీళ్ళు ఎత్తిపోయడానికి పెట్టిన మోటార్లే నీళ్ళలో పడ్డాయి.

ఆ మరుసటి ఏడాదే, 2023 అక్టోబర్ 21న, అదే పథకంలోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. తర్వాత అన్నారం, సుందిళ్ళ బ్యారేజీల్లో ఉన్న నీళ్ళు కూడా వదిలేయాల్సి వచ్చింది. నాలుగేళ్ళు మంథని దగ్గర నిండుగా కనిపించిన గోదావరి 2024 ఎండాకాలానికి మళ్ళీ ఇసుక మేటయింది. గౌతమేశ్వరాలయం దగ్గర స్నానానికి వచ్చినవాళ్ళు నీళ్ళ కోసం ఇసుకలో నడవాల్సి వచ్చింది. రెండేళ్ళ తేడాలో ముంపూ ఎండుదలా రెండూ చూసిన ఊరు ఇది. బ్యారేజీల గేట్లు ఎత్తాలా దించాలా అన్నది మంథని చేతిలో లేదు. వాతావరణం మారుతున్న ఈ కాలంలో మన ఊరు నిలదొక్కుకోవాలంటే మన చేతిలో ఉన్నవేమిటో చూసుకోవాలి. వాగు మన చేతిలో ఉంది. చెరువులు, చెట్లు, ఇంటి కప్పులు మన చేతిలో ఉన్నాయి. ఈ పూట నేను చెప్పదలచినది వీటి గురించే.

ముందుగా వాన సంగతి. 2023 జులై 26, 27 తేదీల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో ఒక్క రోజులో అంత వాన అంతకు ముందెన్నడూ నమోదు కాలేదు. దానికి ముందు రికార్డు వాజేడులో 2013 జులైలో పడిన 517.5 మిల్లీమీటర్లు. ఆ రాత్రి ఊరిని ముంచినది గోదావరి కాదు, మోరంచవాగు. మనకు పొరుగునే ఉన్న భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి తెల్లవారేసరికి నీళ్ళలో ఉంది. జనం ఇంటి కప్పులెక్కి, చెట్లెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. హెలికాప్టర్లు వచ్చి కొందరిని తీసుకుపోయాయి. కొందరు కొట్టుకుపోయారు. వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోస్తుంది, మోసినదాన్ని ఒక్కసారిగా దించుతుంది. అందుకే పెద్ద నది మీద ఉన్నంత కన్ను చిన్న వాగు మీదా ఉండాలి. మోరంచవాగుకు వచ్చినది బొక్కలవాగుకు రాదని ఎవరు చెప్పగలరు?

వాగును ఏం చేయాలి? మన పట్టణాల్లో దీనికి ఒకటే జవాబు అలవాటైపోయింది. రెండు పక్కలా కాంక్రీటు గోడ కట్టి, అడుగున సిమెంటు పోసి, పైన రెయిలింగు పెట్టి, రంగు దీపాలు వెలిగించడం. చూడ్డానికి బాగుంటుంది. కానీ సిమెంటు కాలువలో నీరు ఇంకదు, నెమ్మదించదు, వేగంగా పోయి కిందివాళ్ళ మీద పడుతుంది. గోదావరి ఎగదన్నినప్పుడు ఆ ఇరుకు కాలువే తొందరగా పొంగుతుంది.

సింగపూర్ వాళ్ళు ఈ తప్పును దిద్దుకున్నారు. అక్కడ బిషాన్ అనే పేటలో కల్లాంగ్ నది మీద 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువ ఉండేది. దాన్ని పగలగొట్టి, పక్కనున్న పార్కులోకి వంపులు తిరిగే 3.2 కిలోమీటర్ల సహజమైన ఏరుగా మార్చారు. 2012లో ఆ పని పూర్తయింది. మామూలు రోజుల్లో పిల్లలు ఆ గట్టు మీద ఆడుకుంటారు. గట్టి వాన పడితే ఏరు వెడల్పయి పార్కును ఆక్రమిస్తుంది, మళ్ళీ వెనక్కి తగ్గుతుంది. భూమికి బంగారం ధర పలికే దేశంలో నీటికోసం అంత స్థలం విడిచిపెట్టారు.

మంథనికి ఇంకా దగ్గరగా పోలిన ఊరు నెదర్లాండ్స్‌లో ఉంది. దాని పేరు నైమేగెన్. వాల్ అనే పెద్ద నది ఊరి దగ్గర ఇరుకుగా వంపు తిరుగుతుంది. 1995 వరదల్లో ఆ దేశంలో రెండున్నర లక్షల మందిని ఇళ్ళు ఖాళీ చేయించారు. కరకట్ట ఇంకాస్త ఎత్తు పెంచుదామనే వాళ్ళకూ మొదట తోచింది. చివరికి చేసినది దానికి ఎదురు. కరకట్టను 350 మీటర్లు వెనక్కి జరిపి, నదికి పక్కన ఇంకో పాయ తవ్వారు. దాని కోసం 50 ఇళ్ళ దాకా తీసేయాల్సి వచ్చింది. అది తేలికైన నిర్ణయం కాదు, ఆ ఇళ్ళవాళ్ళతో ఏళ్ళ తరబడి మాట్లాడారు. దాని ఫలితంగా వరద మట్టం 35 సెంటీమీటర్ల దాకా తగ్గింది. వినడానికి మూరెడు కూడా లేదు. కానీ గడప మీదికి వచ్చిన నీళ్ళకూ గడప కింద ఆగిన నీళ్ళకూ తేడా అంతే కదా.

మంథనికి ఉన్న మేలు ఏమిటంటే, మనకు తీసేయాల్సిన ఇళ్ళు తక్కువ. ఇది 2018లో మున్సిపాలిటీ అయిన ఊరు. వాగు పొడవునా ఇంకా పొలాలున్నాయి, ఖాళీ జాగలున్నాయి. అవి ప్లాట్లుగా మారకముందే గీత గీసుకోవచ్చు. ఆ గీత గీయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు, జీవో 168, ఇప్పటికే చెబుతున్నాయి. పట్టణ పరిధిలో నది అంచు నుంచి 50 మీటర్లు, 25 ఎకరాలకు పైబడిన చెరువు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువు నుంచి 9 మీటర్లు, పది మీటర్ల కంటే వెడల్పైన వాగు నుంచి 9 మీటర్లు కట్టడాలు లేకుండా విడవాలి. 9 మీటర్లు చాలవని నా అభిప్రాయం. బొక్కలవాగుకు 2022 వరద ఎంత దూరం పరుచుకుందో అంత దూరం గుర్తించి, దానిలో లోతైన భాగాన్నయినా పార్కుగా, పశువుల మేతకు, కూరగాయల సాగుకు ఉంచాలి. నీళ్ళు వచ్చి పోతే నష్టం లేని పనులవి.

ఈ గీత ముందే గీయకపోతే ఏమవుతుందో హైదరాబాద్ చూపించింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరదలో సుమారు 15 వేల మంది చనిపోయారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 1920 నాటికి ఒకటి, 1927 నాటికి రెండోది పూర్తయ్యాయి. అంత పాఠం నేర్చుకున్న నగరంలోనే తర్వాతి తరాల్లో చెరువుల శిఖం భూముల్లో కాలనీలు లేచాయి. 2020 అక్టోబర్‌లో ఆ కాలనీల్లోకే నీళ్ళు వచ్చాయి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడి కూల్చివేతలు మొదలయ్యాక, తెలియక కొనుక్కున్నవాళ్ళు, రోజుకూలీలు వీధిన పడ్డారు. అమ్మినవాళ్ళలో చాలామందికి ఏమీ కాలేదు. చిన్న ఊళ్ళు ఆ బాధ పడనక్కరలేదు. మంథని, పెద్దపల్లి, సుల్తానాబాద్, చెన్నూరు లాంటి పట్టణాలకు ఇంకా సమయం ఉంది.

ఇక చెరువులు. తెలంగాణలో చెరువు ఒంటరిగా ఉండదు. పై చెరువు మత్తడి దుంకిన నీళ్ళు కింది చెరువుకు, దాని నీళ్ళు ఆ కిందిదానికి. కాకతీయుల కాలం నుంచి ఈ గొలుసుకట్టు మన నేలను కాపాడింది. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ కింద రాష్ట్రంలో వేల చెరువుల్లో పూడిక తీశారు. ఆ ఒండ్రుమట్టిని రైతులు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు. అది మంచి పని. అయితే చాలా చోట్ల చెరువు బాగుపడింది గానీ రెండు చెరువుల మధ్య కాలువ బాగుపడలేదు. చెరువు ప్రభుత్వానిది, కట్ట అందరిదీ, ఆ కాలువ మాత్రం ఎవరి పట్టాలోనో సన్నబడి, ఎవరి ప్రహరీ కిందనో దూరి, చివరికి మురికికాల్వతో కలిసిపోతుంది. మత్తడి నీళ్ళు పాత దారి వెతుక్కుంటూ ఇంట్లోకి వచ్చేది అక్కడే. మంథనిలో చెరువుల పని మొదలుపెట్టేవాళ్ళు కట్ట మీద బెంచీల కంటే ముందు ఈ కాలువలను కొలవాలని నా విన్నపం. పెద్ద వాన సూచన ఉన్నప్పుడు తూములు తెరిచి చెరువును రెండడుగులు ముందే తగ్గించి ఉంచుకుంటే, వాగుకు వచ్చే వరదలో కొంత అక్కడే ఆగుతుంది. ఈ పనికి పూర్వం ఊరూరా నీరటి ఉండేవాడు. తూము తీయడం, మూయడం, వానరాత్రి లాంతరు పట్టుకుని కట్ట మీద తిరగడం అతని వృత్తి. ఆ మనిషికి ఇనాం భూమి ఉండేది. ఆ ఉద్యోగం పోయింది, పని మాత్రం పోలేదు. మున్సిపాలిటీ ప్రతి చెరువుకూ ఒక నీరటిని మళ్ళీ జీతమిచ్చి పెట్టుకోవాలి. ఒక్క విగ్రహానికి పెట్టే ఖర్చుతో కొన్నేళ్ళు జీతాలివ్వవచ్చు.

చెరువులోకి మురికినీరు పోతే ఈ మాటలన్నీ వృథా. గుర్రపుడెక్క అల్లుకుందంటే అది మురికి చేరిన గుర్తు. దాన్ని యంత్రాలతో తీసి ఒడ్డున పోసినంత మాత్రాన ఆగదు, ఊరి మురికినీరు శుద్ధి కావాలి. చిన్న ఊరికి కోట్ల రూపాయల యంత్రాలు తప్పనిసరి కాదు. కాలువ చెరువులో కలిసే చోట మెట్టతామర, జమ్ము, వట్టివేరు పెంచిన చిత్తడి మడులు కడితే నీటిలోని మలినం చాలా వరకు అక్కడే తగ్గుతుంది. హైదరాబాద్ నెక్నాంపూర్ చెరువులో తేలే తెప్పల మీద ఇలాంటి మొక్కలు పెంచి చూపించారు. మన దగ్గర బతుకమ్మ పేర్చేది తంగేడు, గునుగు పూలతో. అవి బీడు భూముల్లో, చెరువు గట్ల మీద పూచేవి. సాగనంపేది చెరువులో. కట్ట మీద మైసమ్మ గుడి, కింద మురికినీరు ఉంటే ఆడబిడ్డలు బతుకమ్మను ఎక్కడ వేయాలి?

ఒడ్డున ఏ చెట్టు పెట్టాలన్నదీ ముఖ్యమే. 2015 జులైలో హరితహారం మొదలైనప్పుడు త్వరగా పచ్చగా కనిపిస్తుందని చాలా పట్టణాల్లో కోనోకార్పస్ నాటారు. తర్వాత ప్రభుత్వమే దాన్ని వద్దంది. వాగు ఒడ్డు చెట్లు మనకు తెలియనివి కావు. ఏరుమద్ది, అల్లనేరేడు, కానుగ, మేడి, వావిలి, వెదురు. వీటి వేళ్ళు కొద్ది రోజులు నీళ్ళలో నానినా కుళ్ళవు, ఒడ్డును పట్టి ఉంచుతాయి. మేడి పండ్లకు పక్షులు వస్తాయి. మంథనికి దగ్గరలోనే రామగిరి ఖిల్లా ఉంది. ఔషధ మొక్కల కోసం వైద్యులు, విద్యార్థులు ఎప్పటి నుంచో వస్తున్న కొండ అది. ఆ కొండ ఉన్న మండలంలోనే సింగరేణి ఓపెన్‌కాస్టు మట్టి గుట్టలూ ఉన్నాయి. ఒక పక్క వేల ఏళ్ళ అడవి విత్తనం, ఇంకో పక్క విత్తనం లేని కొత్త గుట్ట. ఊరి నర్సరీకి విత్తనాలు రామగిరి నుంచి రావాలి. వాగు ఒడ్డుకూ ఆ గుట్టలకూ ఆ మొక్కలే పోవాలి. 2019 పురపాలక చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి ఖర్చు చేయమంటోంది. నాటినవాటిలో 85 శాతం బతకాలంటోంది. డబ్బు ఉంది, బాధ్యత రాసి ఉంది.

నది గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. గోదావరి, మానేరు ఇసుక కేవలం ఇల్లు కట్టే సరుకు కాదు. ఇసుక మేటలో నీళ్ళు దాగుంటాయి, అందుకే మన పెద్దలు మండుటెండలో కూడా చెలిమె తవ్వి తాగేవారు. ఒడ్డున బావులకూ బోర్లకూ ఊట అక్కడిదే. మానేరులో రాతి దాకా ఇసుక తోడితే పక్క ఊళ్ళ బోర్లు ఎండుతాయి. పూడిక తీసే పేరుతో అయినా, వేలం పేరుతో అయినా, కొంత మందం ఇసుక ముట్టుకోకుండా ఉంచి తీరాలి. మంథనికి కొద్ది దూరంలో ఎల్ మడుగు ఉంది. ఎండాకాలం కూడా నీళ్ళుండే లోతైన మడుగు. అవతలి ఒడ్డున శివ్వారం అభయారణ్యం. అక్కడ మొసళ్ళు బతుకుతున్నాయి. నదిలో ఒక్క మడుగును వదిలేస్తే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో దూరం పోయి చూడనక్కరలేదు.

ఎండ గురించి. రామగుండం, గోదావరిఖని, మంథని ప్రాంతం రాష్ట్రంలోనే ఎక్కువగా కాగే నేల. మే నెలలో 45 డిగ్రీలు దాటడం మాకు వార్త కాదు. పాత మంథనిలో గూనపెంకుల ఇండ్లు, మందపాటి మట్టి గోడలు, వాకిట్లో వేపచెట్టు ఉండేవి. ఇప్పుడు వాటి చోట వచ్చిన స్లాబు పగలంతా కాగి రాత్రంతా ఆ వేడిని ఇంట్లోకి వదులుతుంది. రేకుల ఇంట్లో ఉండేవాళ్ళ సంగతి చెప్పలేం. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం ప్రకటించింది, దేశంలో అది మొదటిది. ఎండను తిప్పికొట్టే తెల్లని పూత వేస్తే ఇంట్లో కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. మున్సిపాలిటీ దాన్ని ముందు రేకుల ఇండ్లకూ అంగన్‌వాడీలకూ బస్టాండుకూ వేయిస్తే ఆ ఎండాకాలమే ఫలితం కనిపిస్తుంది. అహ్మదాబాద్ 2010 వడగాలుల్లో వెయ్యి మందికి పైగా పోగొట్టుకుని, 2013లో వేసవి కార్యాచరణ పెట్టుకుంది. ఎండ హెచ్చరిక, ఆస్పత్రిలో ఏర్పాట్లు, కూలీల పని వేళల మార్పు అందులో ఉన్నాయి. ఇటుక బట్టీల్లో, ఉపాధి హామీ పనిలో, రోడ్ల మీద పనిచేసేవాళ్ళకు మంథనిలో అలాంటిది కావాలి.

చివరగా భూమి సంగతి, ఎందుకంటే అన్ని మాటలూ అక్కడే ఆగిపోతాయి. వాగు పక్కన పొలమున్న రైతు ఊరంతటి కోసం తన భూమి అమ్ముకునే హక్కు వదులుకోడు, వదులుకొమ్మనడం అన్యాయం కూడా. అతనికి రెండు దారులివ్వాలి. భూమి ఊరికి ఇస్తే సరైన ధర, లేదా భూమి తన దగ్గరే ఉంచుకుని, ఇల్లు కట్టకుండా సాగు చేస్తూ, వరద ముంచిన ఏడాది పంట నష్టం అడగకుండానే చేతికి వచ్చే ఏర్పాటు. రెండోది ఖర్చు తక్కువ, రైతులు ఒప్పుకునే అవకాశం ఎక్కువ. వాగు ఒడ్డున గుడిసె వేసుకున్న కుటుంబాలకు మాత్రం ముందు ఊళ్ళోనే ఎత్తైన చోట పక్కా ఇల్లు చూపించి, వాళ్ళు అందులోకి మారిన తర్వాతే గుడిసె తీయాలి.

ఈ పనికి కాలం కూడా కలిసి రావాలి. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో సర్వేయరు గొలుసు పట్టుకుని వాగులో దిగి నడవగలడు, చెరువుల మధ్య కాలువలు బయటికి కనిపిస్తాయి. 2022లో ఎవరి ఇంట్లో ఎంత లోతు నీళ్ళు నిలిచాయో ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ చేయి పెట్టి చూపిస్తారు. ఇంటింటికీ తిరిగి ఆ ఎత్తులు రాసుకుని పటం మీద గీస్తే వరద గీత తయారవుతుంది. దాన్ని మున్సిపల్ ఆఫీసు గోడ మీద అందరికీ కనబడేలా అతికించాలి, ఇంటి పర్మిషన్ కాగితం ఇచ్చే ముందు ఆ పటం చూడాలి. మృగశిర కార్తె నాటికి తూములు, మత్తళ్ళు సరిచూసుకుంటే జులైలో మొక్కలు నాటుకోవచ్చు.